పగలగొట్టి చూసిన మనిషి

ప్రెషర్ వెసెల్ కోడ్ ఎప్పుడైనా తెరిచి చూశారా? నాకైతే మెకానికల్ రూమ్మేట్ పుణ్యమా అని ఆ భాగ్యం కలిగింది. గోడ మందం ఎంత ఉండాలో చెప్పే ఫార్ములాలో ఒత్తిడి, వ్యాసార్ధం, లోహం బలం, వీటి పక్కన ఇంకో అంకె కూడా ఉంటుంది. దాని పేరు జాయింట్ ఎఫిషియెన్సీ. రెండువైపులా వెల్డ్ చేసిన బట్ జాయింట్‌కి పూర్తిగా ఎక్స్‌రే తీస్తే 1, అక్కడక్కడా తీస్తే 0.85, అసలు తీయకపోతే 0.70. పైపింగ్ కోడ్‌లోనూ ఇలాంటిదే ఒకటుంది. వాడకంలో ఉన్న స్టోరేజ్ ట్యాంకులని తనిఖీ చేసే కోడ్‌లోనూ ఉంది. అతుకు పలకంత బలంగా ఉంటుందని ఊరికే నమ్మొద్దు, ఎంత తక్కువో లెక్కలో పెట్టు అని దాని భావం. మావాడు టేబుల్‌లో చూసి అంకె వేసేస్తాడు, అయిపోతుంది. అతుకు బలాన్ని ఇలా అంకెగా రాయాలని ముందు ఎవరికి తోచిందో తెలుసుకోవాలనిపించి వెతికాను. వెల్డింగ్ అనేదే లేని రివెట్ల కాలానికి, మాంచెస్టర్‌కి, విలియం ఫేర్‌బేర్న్ దగ్గరికి వెళ్లి ఆగాను.

1789 ఫిబ్రవరిలో స్కాట్లాండ్‌లోని కెల్సోలో పుట్టాడు. తండ్రి పొలం పనులు చేసుకునే మనిషి. పద్నాలుగేళ్లప్పుడు ఆ ఊళ్లో కడుతున్న వంతెన దగ్గర కూలిపనికి వెళితే కొన్ని రోజుల్లోనే కాలి మీద రాయి పడింది. ఆ వంతెన కట్టించింది జాన్ రెన్నీ అనే పెద్ద ఇంజనీరు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత కుటుంబం న్యూకాసిల్ వైపు బొగ్గు గనులకి వెళ్లింది. యాస వేరు కావడంతో గని కుర్రాళ్లు బాగా ఏడిపించారు, తన్నులాటలు కూడా అయ్యాయి. 1804లో పెర్సీ మెయిన్ గనిలో అప్రెంటిస్‌గా చేరాడు. మొదట్లో వారానికి 5 షిల్లింగుల జీతం. ఇక్కడే నాకు ఈయన మీద ఇష్టం మొదలైంది. వారానికి ఒక టైంటేబుల్ రాసుకున్నాడు. సోమవారం సాయంత్రం అంకగణితం, మంగళవారం చరిత్ర, కవిత్వం, గురువారం గణితం, శుక్రవారం యూక్లిడ్. బుధవారం నవలలు, ఆటవిడుపు. మన టైంటేబుల్స్ సెమిస్టర్ మొదటి వారం దాటవు, ఈయనది ఏళ్ల తరబడి నడిచింది. పుస్తకాలకి దగ్గర్లోని నార్త్ షీల్డ్స్ లైబ్రరీ ఉంది. స్నేహానికి పక్కనే ఒక ఇంజిన్ చూసుకునే జార్జ్ స్టీఫెన్‌సన్ ఉన్నాడు, అవును, తర్వాత రైళ్ల వల్ల ప్రపంచమంతా తెలిసిన స్టీఫెన్‌సనే. అప్పుడు ఇద్దరి జేబులూ ఖాళీయే. స్టీఫెన్‌సన్ ఓడల్లోంచి బరువులు దించి నాలుగు డబ్బులు ఎక్కువ సంపాదించుకోడానికి వెళితే, ఫేర్‌బేర్న్ ఆ కాసేపు అతని ఇంజిన్ చూసుకునేవాడు.

1811లో లండన్ వెళ్లాడు. కెల్సో వంతెన రెన్నీ పని ఇస్తానన్నా అక్కడి మిల్‌రైట్ల సంఘం బయటివాళ్లని రానివ్వలేదు. అక్కడా ఇక్కడా, కొన్నాళ్లు డబ్లిన్‌లో కూడా తిరిగి మాంచెస్టర్ చేరాడు. 1817లో జేమ్స్ లిలీ అనే అతనితో కలిసి సొంతంగా పని మొదలుపెట్టారు. వారానికి 12 షిల్లింగుల అద్దెకి ఒక షెడ్డు, స్వయంగా తయారుచేసుకున్న ఒక లేత్, దాని చక్రం తిప్పడానికి మర్ఫీ అనే ఒక బలమైన ఐరిష్ మనిషి. కరెంటు మోటార్ లేదు కదా, అప్పటికి మర్ఫీయే మోటార్. దూది మిల్లుల్లో బరువైన, నెమ్మదిగా తిరిగే షాఫ్టులు తీసేసి తేలికగా, వేగంగా తిరిగేవి వేసి పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాత పదిహేనేళ్లు డబ్బు, పేరు, పెద్ద వర్క్‌షాపు, 1832లో భాగస్వామ్యం విడిపోవడం. ఈ కథ మామూలే, దాటేస్తున్నాను.

అసలు సంగతి 1838 ప్రాంతంలో మొదలవుతుంది. ఫేర్‌బేర్న్ అప్పటికి ఇనుప ఓడలు, బాయిలర్లు రెండూ కడుతున్నాడు. రెండూ ఇనుప పలకలకి కన్నాలు పొడిచి రివెట్లతో కలిపి కట్టేవే. పలకకి కన్నం పొడిస్తే అక్కడ లోహం తగ్గిపోతుంది, కాబట్టి బలం కూడా తగ్గుతుంది. అయితే రివెట్ పడిన చోట రెండు పలకలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి అతుకే గట్టిదని నమ్మే పనివాళ్లూ ఉండేవాళ్లు. వాదించుకుంటే తేలేది కాదు. ఆయన పలకలు, అతుకులు తెచ్చి యంత్రానికి కట్టి తెగేదాకా లాగి చూశాడు. పలక బలం 100 అనుకుంటే రెండు వరుసల రివెట్లున్న అతుకు 70, ఒకే వరుస ఉన్నది 56. ఫలితాలు రాయల్ సొసైటీ 1850లో అచ్చువేసింది. తర్వాత చాలాకాలం బాయిలర్ డిజైన్ చేసేవాళ్లు ఈ 100, 70, 56లనే పట్టుకుని లెక్కలేశారు. వెల్డ్‌కి ఎక్స్‌రే తీయకపోతే ఇవాళ కోడ్ ఇచ్చే 0.70కీ ఆయన 70కీ సంబంధం లేదు, కాకతాళీయమే. కానీ అతుకుని నమ్మకంతో కాకుండా ఒక గుణకంతో లెక్కలోకి తీసుకోవడం అనే పద్ధతి మాత్రం అదే.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన విషయం కూడా చెప్పాలి. 1837లో ఆయన బాయిలర్ పనివాళ్లు సమ్మె చేశారు. ఈయన జవాబు రివెట్లు కొట్టే యంత్రం. సుత్తులతో దబదబా కొట్టే పని ఆవిరి యంత్రం ఒక్క నొక్కుతో చేసేసింది, పెద్దగా మనుషులు అక్కర్లేకపోయింది. అతుకు కూడా బిగువుగా వచ్చింది, కాబట్టి బాయిలర్ భద్రతకి మంచిదే. ఆ సుత్తుల వాళ్ల సంగతి? ఆయన జీవితచరిత్రల్లో ఇది ఆవిష్కరణగానే కనిపిస్తుంది. నాకు మాత్రం చదివినప్పుడల్లా ఆ రెండో ప్రశ్న పంటికింద రాయిలా తగులుతుంది.

1844లో జాన్ హెథరింగ్టన్‌తో కలిసి ఒక బాయిలర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. దాన్నే లాంకాషైర్ బాయిలర్ అంటారు. పెద్ద సిలిండర్, దాని లోపల పొడవునా పక్కపక్కన రెండు గొట్టాలు, గొట్టాల్లో మంట, చుట్టూ నీళ్లు. మన దేశంలో బట్టల మిల్లుల్లో కూడా ఇవి చాలా ఏళ్లు నడిచాయి. అప్పటికి మిల్లు యజమానులందరూ ఇంకా ఎక్కువ ఒత్తిడి ఆవిరి కావాలంటున్నారు. బాయిలర్లు పేలుతున్నాయి, జనం చచ్చిపోతున్నారు. ఎందుకు పేలింది అంటే నీళ్లు విడిపోయి హైడ్రోజన్ పుట్టిందనో, దేవుడి లీల అనో చెప్పేవాళ్లు. సేఫ్టీ వాల్వ్ మీద అదనపు బరువు వేలాడదీసి నడిపించేవాళ్లు మాత్రం ఆ మాట ఎత్తరు.

1851లో లీడ్స్‌లో ఫేర్‌బేర్న్ ఇచ్చిన ఉపన్యాసాలు దీని మీదే. సిలిండర్‌ని పొడవునా చీల్చే బలం, అడ్డంగా తెంపే బలానికి రెట్టింపు ఉంటుందని మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పాడు. మోటారుకి తగిలించిన పాత ప్లాస్టిక్ పైపు ఒత్తిడికి ఎలా పగులుతుందో పొలం ఉన్నవాళ్లకి తెలుసు, నిలువునా చీలుతుంది. బాయిలర్ కూడా అంతే. అందుకే పొడవునా ఉండే అతుకుల మీద ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇప్పటికీ పైపు మందం లెక్క ఈ రెట్టింపు మీదే నడుస్తుంది, దాన్నే హూప్ స్ట్రెస్ అంటాం.

కానీ లోపలి గొట్టాల సంగతి వేరు. వాటిని ఒత్తిడి బయటి నుంచి నొక్కుతుంది. అప్పటిదాకా అందరి నమ్మకం ఏమిటంటే, గొట్టం గుండ్రంగా ఉంటే చాలు, అన్నివైపులా సమానంగా నొక్కుడు పడుతుంది, ఎంత పొడవైనా బలం ఒకటే. ఫేర్‌బేర్న్ పేరు మోస్తున్న బాయిలర్ నిలబడింది ఇలాంటి పొడవాటి గొట్టాల మీదే. ఆయన వాటినే పరీక్షకి పెట్టాడు. గట్టి పోత ఇనుప సిలిండర్‌లో రకరకాల పొడవు, వ్యాసం, మందం ఉన్న గొట్టాలు దించి, పంపుతో నీళ్లు ఎక్కించి, సొట్టపడి నలిగేదాకా ఒత్తిడి పెంచాడు. 1858లో ఫలితం రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. పొడవు లెక్కలోకి వస్తుంది, గట్టిగా వస్తుంది. మిగతావి అలాగే ఉంచి పొడవు సగం చేస్తే తట్టుకునే ఒత్తిడి రెట్టింపవుతుంది. వ్యాసం పెరిగితే బలం తగ్గుతుంది. మందం పెరిగితే దాని 2.19వ ఘాతంతో పెరుగుతుంది. అంటే మార్కెట్‌లో ఉన్న పొడవాటి గొట్టాల బాయిలర్లు అందరూ అనుకున్నదానికన్నా చాలా బలహీనం. మందు కూడా ఆయనే చెప్పాడు: గొట్టం చుట్టూ మధ్యమధ్యలో గట్టి రింగులు వేయండి, ఒక పొడవాటి గొట్టం నాలుగు పొట్టి గొట్టాల్లా పనిచేస్తుంది.

ఖాళీ వాటర్ బాటిల్‌లో గాలి పీల్చి చూడండి, గాడులున్న బాటిల్ నున్నటి బాటిల్‌కన్నా ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. ఇవాళ కోడ్‌లో బయటి ఒత్తిడి చాప్టర్‌లో మొదట అడిగేదే పొడవుకీ వ్యాసానికీ నిష్పత్తి ఎంత అని. రింగుకీ రింగుకీ మధ్య దూరాన్నే అక్కడ పొడవుగా తీసుకుంటారు. మా రూమ్మేట్‌కి ఇది చెబితే కాసేపు చూసి, అయితే ఆ చార్ట్ ఊరికే రాలేదన్నమాట అని మళ్లీ రికార్డు రాసుకోవడంలో పడ్డాడు.

సొంత సరుకు మీద ఇలాంటి రిపోర్టు ఎంతమంది రాస్తారు? మేం సొంత కోడ్‌కి టెస్టులు రాసేటప్పుడు పాసయ్యే ఇన్‌పుట్లే ఇస్తుంటాం. ఈయనకి నలిగిపోయేదాకా పెంచడం అలవాటు. రాబర్ట్ స్టీఫెన్‌సన్ కోసం బ్రిటానియా వంతెన పనిలోనూ ఇంతే, 1845 నుంచి మిల్‌వాల్‌లో ఇనుప గొట్టాలు వరసగా విరగ్గొట్టి, కింద తెగుతుందనుకుంటే పైభాగం ముడతలు పడుతోందని పట్టుకున్నాడు. ఆ వంతెన పేరు ఎవరిదన్న గొడవలో 1848లో తప్పుకుని, మరుసటి ఏడాది తన వాదనతో పుస్తకం కూడా వేశాడు. అంత వినయవంతుడేం కాదు. 1860ల మొదట్లో ఇనుప దూలాన్ని రాత్రింబగళ్లు పదేపదే వంచి చూశాడు. విరిగే బరువులో పావు వంతుకి లక్షలసార్లు తట్టుకున్న దూలం, బరువుని అయిదింట రెండు వంతులకి పెంచగానే 5,175 సార్లకి విరిగిపోయింది.

లెక్కలు ఉన్నంత మాత్రాన మిల్లు యజమాని పాటించాలని ఏముంది? 1854లో రోచ్‌డేల్‌లో ఒక మిల్లు బాయిలర్ పేలి పనివాళ్లు చనిపోయారు. ఆ విచారణలో ఫేర్‌బేర్న్ సాక్ష్యం చెప్పాడు. అదే ఏడాది విట్‌వర్త్ లాంటి మాంచెస్టర్ పెద్దలతో కలిసి బాయిలర్ పేలుళ్లని ఆపడానికి ఒక సంఘం పెట్టారు. తర్వాత దాని పేరు మాంచెస్టర్ స్టీమ్ యూజర్స్ అసోసియేషన్ అయింది. చందా కట్టిన మిల్లుకి ఇన్‌స్పెక్టర్ వస్తాడు, బాయిలర్ చల్లార్చి లోపలికి దూరి చూస్తాడు, తుప్పు ఎక్కడుంది, అతుకు ఎక్కడ కారుతోంది, వాల్వ్ ఎంతకి తెరుచుకుంటుందో రాసి పెడతాడు. సభ్యుల బాయిలర్లలో పేలుళ్లు చాలా అరుదైపోయాయి. అమెరికాలో 1866లో హార్ట్‌ఫర్డ్‌లో పెట్టిన బాయిలర్ ఇన్‌స్పెక్షన్, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఈ మాంచెస్టర్ నమూనా తెలుసు.

చిక్కల్లా ఒకటే, చేరడం ఇష్టమున్నవాళ్లకే. ఇష్టం లేని యజమాని బాయిలర్ పక్కన పనిచేసేవాడికి ఆ విషయంలో ఎంపికే లేదు. సంఘంలో చేరేది డబ్బున్నవాడు, పేలితే చచ్చేది బొగ్గు వేసేవాడు. ఫేర్‌బేర్న్ సంఘానికి అధ్యక్షుడిగా కూడా ఉన్నాడు, దేశమంతటికీ చట్టం మాత్రం చూడలేదు. 1861లో నైట్ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు, 1869లో బారనెట్ ఇస్తే తీసుకున్నాడు. 1874 ఆగస్టు 18న సర్రేలో చనిపోయాడు.

బ్రిటన్‌లో బాయిలర్ పేలుళ్ల చట్టం వచ్చింది 1882లో, అదీ పేలిన తర్వాత విచారణ జరపడానికి. తమాషా ఏమిటంటే ఈ విషయంలో మన దేశమే ముందుంది. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి కొందరు చనిపోతే, ఆ మరుసటి ఏడాదే బెంగాల్ కౌన్సిల్ ఆ నగరంలో బాయిలర్లకి తనిఖీ తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. తర్వాత ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూల్ అయి గందరగోళమైతే 1923లో అందరికీ కలిపి ఇండియన్ బాయిలర్స్ యాక్ట్, 1950లో దాని కింద రెగ్యులేషన్స్ వచ్చాయి. అమెరికాలో బ్రాక్టన్ చెప్పుల ఫ్యాక్టరీలో 1905 మార్చి 20న బాయిలర్ పేలి 58 మంది పోయాక మసాచుసెట్స్ రూల్స్, వాటి వెనక మెకానికల్ ఇంజనీర్ల సొసైటీ 1915లో అచ్చువేసిన మొదటి బాయిలర్ కోడ్ వచ్చాయి. మా రూమ్మేట్ టేబుల్ ఆ కోడ్ మనవడిదే. ఫేర్‌బేర్న్ విగ్రహం ఇప్పటికీ మాంచెస్టర్ టౌన్ హాల్లో ఉంది.