ఎడమ చేతికి విద్య నేర్పిన టకాచ్

చింతచెట్టుకు రాయి విసరడం, మంచె మీద నిలబడి వడిసెల తిప్పడం మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల పిల్లలకు ఒకరు నేర్పవలసిన పని కాదు. అదే రాయిని పుర్రచేత్తో విసరమంటే మాత్రం మన కాళ్ల దగ్గరే పడుతుంది. పక్కవాళ్లు నవ్వుతారు. ఆ పుర్రచేతినే నమ్ముకుని ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన ఒక సైనికుడి జీవితాన్ని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పరిచయం చేస్తున్నాము.

కారోలీ టకాచ్ 1910 జనవరి 21న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో జన్మించాడు. సైన్యంలో చేరి పిస్తోలు గురిలో పేరు తెచ్చుకున్నాడు. కానీ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు ఆయనను పంపలేదు. కారణం గురి తప్పడం కాదు, హోదా. ఆయన సార్జెంట్ మాత్రమే. ఆ అవకాశం అధికారులకే ఉండేది. తరువాత ఆ నిబంధన తొలగింది. ఇక తన వంతు వచ్చిందనుకుంటుండగా 1938లో శిక్షణలో లోపమున్న గ్రెనేడ్ చేతిలోనే పేలి, ఆయన కుడిచేయి దెబ్బతిన్నది.

ఏకలవ్యుడి కథ మనకు బొటనవేలు దగ్గర ముగుస్తుంది. టకాచ్ కథ అక్కడే మొదలైంది. నెల రోజులు ఆసుపత్రిలో గడిపి, బయటికి వచ్చాక ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో సాధన చేశాడు. 1939లో జాతీయ పోటీకి వస్తే, చూడటానికి వచ్చాడనుకున్నారు. ఆయన పోటీ చేసి గెలిచాడు.

ఇంత త్వరగా ఎలా సాధ్యమైంది? ఒక చేతితో నేర్చిన విద్య కొంత రెండో చేతికీ అందుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. గురిచూసే కన్ను, ఊపిరి బిగబట్టే అలవాటు పోలేదు. చెయ్యి మాత్రమే కొత్తది.

బంతి విసరడానికీ ఇదే వర్తిస్తుంది. మనలో చాలామంది మొదటి రోజే కుడిచేతి బలమంతా ఎడమచేతిలో వెతికి, భుజం నొప్పి తెచ్చుకుని మానేస్తారు. మరో పద్ధతి ఉంది. ముందు కాళ్లు సరిచేసుకోవాలి. ఎడమచేత్తో విసిరేటప్పుడు కుడికాలు ముందుకు పడాలి, నడుము తిరగాలి. గోడకు దగ్గరగా నిలబడి మెల్లగా విసరాలి. గురి కుదిరాకనే దూరం, ఆ తరువాతనే వేగం. రోజూ కొద్దిసేపు చాలు. మొదటి పద్ధతి తొందరగా ఫలించినట్టు కనిపిస్తుంది, నిలబడేది రెండోదే.

టకాచ్‌కు ఇంకా పరీక్ష మిగిలింది. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. ఆయన సాధన ఆపలేదు. 1948లో లండన్‌లో, 38 ఏళ్ల వయసులో, 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో 580 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం గెలిచాడు. 1952 హెల్సింకిలో మళ్లీ గెలిచాడు. 1976 జనవరి 5న కన్నుమూశాడు.

హోదా లేదని ఒకసారి, చెయ్యి లేదని ఒకసారి, పోటీలే లేవని రెండుసార్లు ఆయనకు దారి మూసుకుపోయింది. మన హాస్టల్ పిల్లలకు ఇలాంటి మూసిన తలుపులు కొత్త కాదు. రేపు సాయంత్రం గ్రౌండ్‌లో ఎవరైనా ఎడమచేత్తో బంతి విసురుతుంటే నవ్వకుండా, ఆ బంతిని తెచ్చి మళ్లీ చేతికిద్దాం.