దైవప్రవక్త (సఅసం) సేవకుడు హజ్రత్ సఫీనా (రజి)

సొంత పేరు మరుగున పడి, దైవప్రవక్త (సఅసం) పెట్టిన పేరుతోనే చరిత్రలో నిలిచిపోయిన సహాబాలలో హజ్రత్ సఫీనా (రజి) ఒకరు. అరబీలో సఫీనా అంటే ఓడ. ఆయన అసలు పేరు మిహ్రాన్ అని కొందరు, రూమాన్ అని కొందరు, ఖైస్ అని మరికొందరు రాశారు. ఎవరైనా అడిగినా ఆయన చెప్పేవారు కాదు. ప్రవక్త (సఅసం) ఇచ్చిన పేరుండగా మరో పేరుతో పిలిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

ఆయన ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఉమ్మె సలమా (రజి) గారి బానిస. ఆమె ఆయనకు స్వేచ్ఛనిస్తూ ఒక షరతు పెట్టారు. బతికున్నంత కాలం దైవప్రవక్త (సఅసం) సేవ చేయాలి. ఆ షరతు పెట్టకపోయినా తాను ఆయన్ని విడిచి వెళ్ళేవాణ్ణి కానని సఫీనా (రజి) బదులిచ్చారు. బానిసత్వం తీరిన మనిషి ముందుగా కోరుకునేది ఆ ఇల్లు దాటి వెళ్ళడమే కదా! ఆయన ఆ గడపనే ఎంచుకున్నారు.

ఒక ప్రయాణంలో సహచరులు అలసిపోయి ఒకరు కత్తి, ఒకరు డాలు, ఒకరు ఈటె ఆయన మీద వేశారు. బరువంతా మోస్తున్న ఆయన్ని చూసి ప్రవక్త (సఅసం) ఓడ అని పిలిచారు. ఆ రోజు ఏడు ఒంటెల బరువు ఎత్తినా తనకు భారమనిపించేది కాదని ఆయన తర్వాత చెప్పుకునేవారు.

ఇక సముద్రం సంగతి. మన వరంగల్ వైపు జల్సాలలో ఈ ఘటనకు రంగులు అద్ది చెప్పడం కద్దు. ఇమామ్ హాకిమ్ (రహ్మ) తన ముస్తద్రక్‌లో నమోదు చేసిన ఉల్లేఖనం మాత్రం క్లుప్తంగానే ఉంది. ఆయన ఎక్కిన ఓడ పగిలిపోయింది. ఒక చెక్క పట్టుకొని తేలారు. అలలు తెచ్చి ఒక చిట్టడవి దగ్గర పడేశాయి. అక్కడ సింహం! అది ఆయన మీదికే వచ్చింది. చేతిలో ఆయుధం ఉందన్న ప్రస్తావన లేదు. అరబ్బులు సింహాన్ని పిలిచే అబుల్ హారిస్ అన్న పేరుతో దాన్ని పలకరించి, తాను దైవప్రవక్త (సఅసం) విముక్తి పొందిన సేవకుణ్ణని చెప్పుకున్నారు. వంశం చెప్పలేదు, బలం చెప్పలేదు. ప్రాణం పోయే వేళ ఆయన నోట వచ్చిన పరిచయం అదొక్కటే. సింహం తల వంచింది. దగ్గరికొచ్చి భుజంతో నెడుతూ అడవి దాటించి, దారి మీదికి చేర్చి గుర్రుమంది. అది తనకు వీడ్కోలు చెబుతోందని ఆయన భావించారు.

మిష్కాత్‌లోని ఉల్లేఖనంలో ఓడ ప్రస్తావన లేదు. రోమ్ భూభాగంలో సైన్యం నుంచి తప్పిపోయారనో, బందీగా చిక్కారనో ఉంది. సింహం మాత్రం రెండింటిలోనూ ఉంది. ఇలాంటి కరామత్ మనిషి సొంత శక్తి కాదు, అల్లాహ్ తలచినప్పుడు జరిగేది. సింహాన్ని లొంగదీసిన వీరుడిగా కాక, సేవకుడిగానే ఆయన్ని మన పిల్లలకు పరిచయం చేయాలని నా మనవి.

ఖిలాఫత్ ముప్పై ఏళ్ళు ఉంటుందన్న ప్రసిద్ధ హదీసు మనకు చేరింది ఆయన ద్వారానే. హజ్జాజ్ పాలనాకాలంలో ఆయన పరమపదించారని చరిత్రకారులు రాశారు. సహీహ్ ముస్లిమ్‌లో ఆయన ఉల్లేఖించిన హదీసు ఒకటుంది. దైవప్రవక్త (సఅసం) ఒక సా నీటితో గుసుల్, ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని అందులో ఉంది. ముద్ అంటే రెండు దోసిళ్ళు కలిపితే పట్టేంత కాదు, ఒక మోస్తరు మనిషి ఒక్క దోసిట పట్టేంత. అలాంటివి నాలుగైతే ఒక సా.