పందొమ్మిదేళ్ళకి ఒక భాష

ఫస్టియర్ సెలవుల్లో స్టార్ ట్రెక్ చూసి, క్లింగాన్ నేర్చుకుందామని యాప్ వేసుకున్నాను. క్లింగాన్ అంటే ఆ కథలో గ్రహాంతరవాసుల భాష. మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త సినిమా కోసం తయారుచేస్తే, 1985లో దానికి డిక్షనరీ కూడా వచ్చింది. అందులో పలకరింపు మాటకి అసలు అర్థం నీకేం కావాలి అని. రూమ్మేట్ మీద ప్రయోగించాను. వచ్చిన జవాబు ఇక్కడ రాయలేను.

రెండు నెలలైనా ప్రతి వాక్యం ముందు ఇంగ్లీషులో అనుకుని, తర్వాత మార్చుకోవాల్సి వచ్చేది. ఎదుట మాట్లాడే మనిషే లేకపోతే ఒక భాష ఎలా పట్టుబడుతుంది? ఈ ప్రశ్నతో వెతుకుతుంటే లుడ్విక్ జామెన్‌హోఫ్ దొరికాడు. ఎస్పెరాంతో భాషని తయారుచేసినాయన.

1859 డిసెంబర్‌లో బియాలిస్టాక్ అనే ఊళ్ళో యూదుల ఇంట్లో పుట్టాడు. ఇప్పుడది పోలండ్, అప్పుడు రష్యన్ సామ్రాజ్యం. ఇంట్లో రష్యన్, యిడ్డిష్. బయటికెళ్తే పోలిష్, జర్మన్. ఎవరి భాష వాళ్ళది, ఒకళ్ళంటే ఒకళ్ళకి అనుమానం. అందరికీ ఉమ్మడిగా ఒక భాష ఉంటే గొడవలు తగ్గుతాయని ఆ పిల్లాడు నమ్మాడు. నాకు పూర్తిగా నమ్మకం లేదు. ఒకే భాషలో ఎంత బాగా కొట్టుకోవచ్చో ఏ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ చూసినా తెలుస్తుంది.

1873లో కుటుంబం వార్సాకి మారింది. స్కూల్లో ఉండగానే పని మొదలుపెట్టాడు. మొదట అర్థం లేని పొట్టి అక్షరాల గుంపుల్నే మాటలుగా పెట్టుకున్నాడు. కనిపెట్టినవాడికే గుర్తుండలేదు! మనం వేరియబుల్స్‌కి ఎ, బి, ఎక్స్ అని పేర్లు పెట్టి, వారం తర్వాత మన కోడ్ మనకే అర్థంకాక తల పట్టుకుంటామే, అలా. తర్వాత వీధిలో రెండు బోర్డులు కనిపించాయి. ఒకటి కాపలావాడి గదిది, ఇంకోటి మిఠాయి కొట్టుది. రెండు పేర్ల చివరా ఒకటే తోక, స్కాయా. ఒక్క తోకతో వందల మాటలు పుట్టించొచ్చని అక్కడ తట్టింది. మనకి ఆట, వేట పక్కన గాడు చేరిస్తే ఆటగాడు, వేటగాడు అయినట్టే. ఎస్పెరాంతోలో సానా అంటే ఆరోగ్యంగా ఉండటం. ముందు మల్ చేరిస్తే జబ్బుగా ఉండటం, ఉల్ చేరిస్తే రోగి, చివర చోటుని చెప్పే ఏయ్ కూడా చేరిస్తే మల్సానులేయో, అంటే ఆస్పత్రి.

1878 డిసెంబర్‌లో, పందొమ్మిదేళ్ళకి, అంటే ఇప్పటి నా వయసుకి, మొదటి రూపం తయారైంది. క్లాస్‌మేట్స్‌ని ఇంటికి పిలిచి పండగ చేసుకున్నాడు. అందరూ ఆ భాషలో పాట కూడా పాడారు. స్కూలు అయిపోయాక వాళ్ళు బయట చెప్తే పెద్దవాళ్ళు నవ్వారు. ఒక్కొక్కరే వదిలేశారు. మాట్లాడటానికి ఎవరూ మిగల్లేదు.

మెడిసిన్ చదవడానికి మాస్కో వెళ్తుంటే తండ్రి ఆ నోట్‌బుక్కులు తీసి దాచాడు. ఆయనా భాషలు చెప్పే టీచరే! జామెన్‌హోఫ్ తిరిగొచ్చేసరికి అవి కాలిపోయి ఉన్నాయని, తండ్రే కాల్చేశాడని చెప్తారు. ఆయన మళ్ళీ గుర్తు తెచ్చుకుని మొత్తం రాశాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి ఆరేళ్ళు. గ్రామర్ పూర్తయింది, మాటలున్నాయి, పని అయిపోయిందనుకున్నాడు. తీరా వాడి చూస్తే భాష బరువుగా, మొద్దుగా ఉంది. రోజూ అందులో రాశాడు, అనువాదాలు చేశాడు, అడ్డొచ్చిన రూల్స్ తీసేశాడు. తర్వాత మాటకి మాట మార్చడం మానేసి, నేరుగా ఆ భాషలోనే ఆలోచించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి అది వేరే భాషకి నీడలా కాకుండా తన కాళ్ళ మీద తను నడిచిందట.

1887లో పుస్తకం వచ్చింది. నలభై పేజీలు, 16 రూల్స్, సుమారు 900 మూలమాటలు. ప్రచురణకర్త దొరక్క, కాబోయే మామగారి డబ్బుతో వేయించాడు. డాక్టర్ ఎస్పెరాంతో అన్నది ఆయన పెట్టుకున్న మారుపేరు, ఆశపడేవాడు అని అర్థం. హక్కులు కూడా వదులుకున్నాడు, ఇప్పటి మాటల్లో ఓపెన్ సోర్స్. 1905లో ఫ్రాన్స్‌లోని బూలోన్‌లో 688 మంది కలిసి, దుబాసీలు లేకుండా అదే భాషలో మాట్లాడుకున్నారు.

కళ్ళ డాక్టరుగా వార్సాలో పేదల మధ్యే బతికాడు. 1917 ఏప్రిల్‌లో, యుద్ధం నడుస్తుండగా పోయాడు. కొడుకు ఆడమ్‌ని 1940లో నాజీలు కాల్చేశారు. కూతుళ్ళు సోఫియా, లిడియా 1942లో ట్రెబ్లింకాలో చనిపోయారు. ఇది చదివాక ఆ రోజు యాప్ తెరవలేదు.

మా స్కూల్లో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైను. నా తెలుగు ఇంట్లో అన్నం, కూర దగ్గరే ఆగిపోయింది. ఈ వ్యాసం మొదటిసారి ఇంగ్లీషులో అనుకుని రాస్తే, క్లబ్‌లో సీనియర్ అక్క చదివి అనువాదంలా ఉందంది. ఇంగ్లీషు నోట్స్ మూసేసి మళ్ళీ కూర్చున్నాను. పైన తోక అన్నానే, దానికి తెలుగులో అసలు మాటేంటో తెలియక అమ్మకి ఫోన్ చేశాను. ప్రత్యయం అంది. అంతటితో ఆగకుండా డు ము వు లు అంటూ విభక్తులన్నీ వరసగా అప్పజెప్పింది. స్పీకర్ ఆన్ చేసి రాసుకున్నాను. షష్ఠి దగ్గర ఇంక్ అయిపోయింది.