నీటిని పట్టి ఉంచిన శాస్త్రవేత్త - ఒట్టో విక్టర్లే

సైన్స్ అంటే పెద్ద పెద్ద ల్యాబులు ఉన్నవాళ్లకే అని మనలో చాలామంది అనుకుంటాం. ల్యాబ్ లేదని ఇంటర్‌తోనే సైన్స్ వదిలేసిన మిత్రులు మాకున్నారు. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే కాబట్టి అడిగి తెలుసుకోవడానికి మాకు ఎవరూ లేరు. అందుకే ఈ సంచికలో జూనియర్ల కోసం ఒక కెమిస్ట్రీ మాస్టారి జీవితం చెప్పదలిచాం.

ఒట్టో విక్టర్లే 1913 అక్టోబర్ 27న, నేటి చెక్ దేశంలోని ప్రొస్తెయోవ్ పట్టణంలో జన్మించారు. తండ్రికి వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీలో వాటా ఉండేది. కాబట్టి ఆయనది మనలాంటి పేదరికం కాదు. ఆయన కష్టాలు వేరు. 1939లో నాజీలు చెక్ యూనివర్సిటీలను మూసేశారు. 1942లో ఆయనను కొన్ని నెలలు జైల్లో పెట్టారు. 1958లో రాజకీయ కారణాలతో పాఠాలు చెప్పే ఉద్యోగం కూడా పోయింది.

ఆయన కనిపెట్టింది ఏమిటి? మన బోధన్ చెరకు నుంచి వచ్చే చక్కెరనే తీసుకుందాం. దాని అణువుల్లో హైడ్రాక్సిల్ గ్రూపులు ఎక్కువ. అవి నీటిని దగ్గరకు లాక్కుంటాయి. అణువులు విడివిడిగా ఉంటాయి కాబట్టి చక్కెర కరిగిపోతుంది. విక్టర్లే, ఆయన సహచరుడు ద్రహొస్లావ్ లిమ్ తయారుచేసిన పాలిమర్‌లోనూ అవే గ్రూపులున్నాయి. కానీ దాని పొడవాటి గొలుసులు వలలాగా ముడిపడి ఉంటాయి. అందుకే అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, కరగదు. నానిన సబ్జా గింజ చుట్టూ ఉండే జిగురు పొర లాంటిదన్నమాట. దీన్నే హైడ్రోజెల్ అంటారు.

ఎండితే అది గట్టి ప్లాస్టిక్, తడిస్తే మెత్తన. తడిసినప్పుడు బరువులో సుమారు 38 శాతం నీరే. మన ఒంటి కండలాగే నీటితో నిండి మెత్తగా ఉంటుంది కాబట్టి శరీరం దాన్ని ఓర్చుకుంటుంది. కంటి పైపొర అయిన కార్నియాలో రక్తనాళాలుండవు. దానికి గాలిలోని ఆక్సిజన్ కన్నీటి ద్వారా అందాలి. జెల్‌లోని నీటిలో కరిగి ఆ ఆక్సిజన్ కంటికి చేరుతుంది. ఈ పరిశోధన 1960లో 'నేచర్' పత్రికలో వచ్చింది.

అయితే అచ్చుల్లో పోసిన లెన్సుల అంచులు చిరిగిపోయేవి. ప్రభుత్వం ఆ పనిని ఆపించింది. 1961 క్రిస్మస్ సెలవుల్లో ఆయన ఇంట్లోనే, పిల్లల ఆట కిట్టు ముక్కలు, సైకిల్ డైనమోతో ఒక చిన్న యంత్రం చేశారు. గిర్రున తిరిగే అచ్చులో ద్రవం గుంటలాగా పరుచుకొని గట్టిపడింది. మొదటి 4 మెత్తని కాంటాక్ట్ లెన్సులు అలా వంటింటి బల్లమీద పుట్టాయి. తర్వాత భార్య లిండా సాయంతో ఇంట్లోనే వేలకొద్దీ చేశారు.

1971లో అమెరికా ఈ లెన్సుల అమ్మకానికి అనుమతిచ్చింది. పేటెంట్ల డబ్బులో ఆయనకు దక్కింది స్వల్పమే. 1968లో స్వేచ్ఛ కోరినవారి పక్షాన నిలిచినందుకు 1970లో డైరెక్టర్ పదవి పోయింది. ప్రభుత్వం మారాక 1990లో దేశ సైన్స్ అకాడమీకి అధ్యక్షులయ్యారు. 1998 ఆగస్టు 18న కన్నుమూశారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పదవి పోయిన ప్రతిసారీ ఆయన పని మాత్రం మానలేదు. ఒక చెంచాడు సబ్జా గింజలు తూచండి, నానబెట్టి, మిగిలిన నీళ్లు వంపేసి మళ్లీ తూచండి. ఎంత నీరు పట్టాయో నోటుబుక్కులో రాయండి. అది ప్రయోగమే. సెలవుల్లో మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు మాకు చూపించండి. మాకు తెలిసింది చెబుతాం, తెలియనిది కలిసి వెతుకుదాం.