పుస్తకాలు కుట్టిన చేతులు

నేడు వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నని లోహపు తీగలను, అంటే నానో తీగలను, విద్యుత్తుతో తయారు చేస్తున్నారు. ఇందుకు ఆధారమైన నియమాలు కనుగొన్న మైకేల్ ఫారడే కాలేజీ మెట్లు ఎక్కి చదివినవాడు కాదు.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గరి న్యూయింగ్టన్‌లో పేద కమ్మరి ఇంట జన్మించాడు. చదవడం, రాయడం, కాస్త లెక్కలు రాగానే బడి ముగిసింది. 14వ ఏట పుస్తకాల బైండింగు దుకాణంలో పనికి కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలనే చదివాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును స్వయంగా బైండు చేసి ఆయనకే పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. ఆ ఏడే డేవీ వెంట యూరప్ యాత్రకు వెళితే, డేవీ భార్య ఆయనను నౌకరులా చూసింది. ఆ అవమానం దిగమింగి, నేర్చుకోవలసింది నేర్చుకున్నాడు.

1833-34లో విద్యుద్విశ్లేషణ నియమాలు ప్రకటించాడు. ద్రావణం గుండా ఎంత విద్యుదావేశం ప్రవహిస్తే అంత లోహం పేరుకుంటుంది. 96,485 కూలుంబులకు 107.9 గ్రాముల వెండి వస్తుంది. నానో తీగలకూ ఇదే లెక్క. సూక్ష్మ రంధ్రాలున్న అల్యూమినా పొరకు ఒకవైపు లోహపు పూత వేసి, ద్రావణంలో ఉంచి విద్యుత్తు పంపితే రంధ్రాలు అడుగు నుంచి లోహంతో నిండుతాయి. పంపిన విద్యుత్తును బట్టి తీగ పొడవు పెరుగుతుంది. తర్వాత పొరను కరిగిస్తే తీగలు మిగులుతాయి.

ఫారడే 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు. మిత్రులారా! ఆయన బతుకును మార్చింది శ్రద్ధగా రాసుకున్న నోట్సు. మన ట్రంకు పెట్టెల్లోనూ నోటుబుక్కులు ఉన్నాయి.