వణుకు జబ్బుకు పేరు పెట్టిన షార్కో

మేము ఆత్మకూరు హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో, బడికి పోయే దారిలో ఒక తాత అరుగు మీద కూర్చునేవాడు. ఒళ్లో పెట్టుకున్న కుడి చెయ్యి దానంతట అదే వణికేది. నమస్తే తాతా అంటే ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. మేమంటే పడదేమో అనుకుని సందు మార్చి పోయేవాళ్లం. అది పార్కిన్సన్స్ జబ్బని, ముఖం బొమ్మలా బిగుసుకుపోవడం దాని లక్షణమని పీజీలో చేరాకనే తెలిసింది. ఆ జబ్బుకు ఆ పేరు ఖాయం చేసిన జాన్ మార్టిన్ షార్కో గురించి ఈ సంచికలో రాస్తున్నాం.

షార్కో 1825 నవంబరు 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి గుర్రబ్బగ్గీలు తయారుచేసేవాడు. కొడుకులందరినీ పెద్ద చదువులు చదివించే స్తోమత లేక, చదువులో ముందున్న ఒక్కడికే ఆ అవకాశమని తండ్రి తేల్చాడని చెబుతారు. అది షార్కోకు దక్కింది. ఒకరు చదవడానికి మరొకరు పనిలోకి పోవడం మన ఇండ్లల్లో ఎవరికి తెలియదు!

1862లో ఆయన సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో చేరారు. ఒకప్పుడు తుపాకిమందు తయారైన ఆ చోట వేలమంది పేద ఆడవాళ్లు, ముసలివాళ్లు, దిక్కులేనివాళ్లు ఉండేవారు. షార్కో తన మిత్రుడు వుల్పియాన్‌తో కలిసి వాళ్లను ఒక్కొక్కరినీ పరీక్షించారు. వణికే జబ్బులన్నీ ఒకటి కాదని గమనించారు. కొందరికి చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది, కొందరికి ఏదైనా అందుకోబోతే వణుకుతుంది. ఈ తేడా విద్యార్థులకు చూపడానికి రోగుల తలకు పొడవైన ఈకలు పెట్టించేవారు. ఈకల కదలికలో తేడా వెనక బెంచీవాళ్లకు కూడా కనిపించేది. మొదటి రకం జబ్బును 1817లోనే లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ ఒక చిన్న పుస్తకంలో వర్ణించారు. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. షార్కో ఆ జబ్బుకు తన పేరు పెట్టుకోకుండా ఆయన పేరే పెట్టారు.

1882లో నరాల జబ్బుల కోసం ప్రత్యేకంగా ప్రొఫెసర్ పదవి ఏర్పడితే అది షార్కోకే వచ్చింది. 1885లో ఫ్రాయిడ్ కూడా వచ్చి ఆయన పాఠాలు విన్నారు. అయితే హిస్టీరియా ఉన్న ఆడవాళ్లను హిప్నటైజ్ చేసి జనం ముందు చూపించడం మాకు నచ్చలేదు. వద్దు అనే వీలులేని పేదవాళ్లు వాళ్లు. ఆ విషయంలో ఆయన సిద్ధాంతాలు కూడా తర్వాత నిలబడలేదు.

రైల్లోనో బగ్గీలోనో చాలా దూరం ప్రయాణం చేసి వచ్చిన పార్కిన్సన్స్ రోగులు ఒళ్లు తేలికైందని చెప్పేవారు. (మనకైతే గతుకుల బస్సు దిగేసరికి నడుము పట్టేస్తుంది.) బగ్గీలు చేసే ఇంట్లో పుట్టిన మనిషి ఆ మాటను కొట్టిపారేయలేదు. కరెంటుతో అదిరే కుర్చీ చేయించి, అరగంట చొప్పున కూర్చోబెట్టారు. రోగులు బాగా నిద్రపడుతోందన్నారు. 1892లో దాని గురించి పాఠం చెప్పారు. శిష్యుడు టూరెట్ తలకు పెట్టుకునే అదిరే టోపీ కూడా చేయించాడు. మరుసటి ఏడు ఆగస్టు 16న షార్కో చనిపోయారు.

ఆ కుర్చీని 2012లో అమెరికా డాక్టర్లు మళ్లీ పరీక్షించి ఫలితాలు అచ్చువేశారు. అదిరిన కుర్చీలో కూర్చున్నవాళ్లకూ, అదరని కుర్చీలో కూర్చున్నవాళ్లకూ దాదాపు ఒకే మేలు కనిపించింది!

ఇప్పుడు అదిరే టోపీ లేదు గాని, తలకు కోత లేకుండా బయటి నుంచి మెదడును కదిలించే పని వేరే దారిలో సాగుతోంది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తల మీద తీగచుట్ట పెట్టి, అయస్కాంత శక్తితో మెదడును ప్రేరేపించి చూపింది. ఈ జబ్బులో సొంత ముఖం బిగుసుకోవడమే కాదు, ఎదుటివాళ్ల ముఖంలో భయమో కోపమో పోల్చుకోవడం కూడా కొందరికి కష్టమవుతుంది. దాన్ని ఈ పద్ధతితో సరిచేయగలమా అని పరిశోధకులు చూస్తున్నారు. ఇక్కడా ఉత్తుత్తి ప్రేరణతో పోల్చి చూడాల్సిందే. గట్టిగా ఏదీ తేలలేదు.

అరుగు మీది తాత ఇప్పుడు లేడు. మేము సందు మార్చినప్పుడు మా ముఖాల్లోని భయం ఆయన పోల్చుకున్నాడో లేదో.