మింగేసిన అక్షరాలు

ఖాసీ కొండల్లో పెద్దలు పిల్లలకు చెప్పే పాత కథ ఒకటుంది. పూర్వం దేవుడు మనుషులందరికీ అక్షరాలు పంచిపెట్టాడట. కొండమీది ఖాసీ ఒకడు, మైదానం మనిషి ఒకడు తమ వంతు అక్షరాలు తీసుకుని ఇంటిదారి పట్టారు. దారిలో వరద అడ్డొచ్చింది. మైదానం మనిషి తన అక్షరాలను జుట్టుముడిలో దోపుకుని ఈదాడు. ఖాసీ తనవి పళ్ల మధ్య కరిచి పట్టుకున్నాడు. నడి ప్రవాహంలో ఉక్కిరిబిక్కిరై నీళ్లతోపాటు అక్షరాలను కూడా మింగేశాడు. అందుకే తమకు లిపి లేకుండా పోయిందని ఖాసీలు చెప్పుకునేవారు.

కథ నవ్వు తెప్పిస్తుంది కానీ అందులో ఒక జాతి బాధ ఉంది. లిపి లేనివాడు సంతలో మోసపోతాడు. కాగితం మీద ఏముందో తెలియక వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకుంటాడు. ఆ బాధను తీర్చడానికి దేవుడు వాడుకున్న మనిషి ఒక వడ్రంగి కుమారుడు. ఆయన పేరు థామస్ జోన్స్.

1810 జనవరిలో వేల్స్ దేశంలోని మాంట్‌గొమరీషైర్‌లో ఆయన పుట్టాడు. తండ్రి దగ్గర వడ్రంగం నేర్చుకున్నాడు. సువార్త పిలుపు అందుకున్నాక బాలా పట్టణంలో లూయిస్ ఎడ్వర్డ్స్ నడిపే వేదాంత పాఠశాలలో చదివాడు. ఇండియాకు వెళ్లాలని ఆయన ఆశ. లండన్ మిషనరీ సొసైటీ మాత్రం ఆ వాతావరణానికి ఆయన ఆరోగ్యం తట్టుకోదని ఒప్పుకోలేదు. అప్పుడు వేల్స్ కాల్వినిస్టిక్ మెథడిస్టులు 1840లో లివర్‌పూల్‌లో సొంత మిషన్ స్థాపించి ఆయన్నే తమ మొదటి మిషనరీగా పంపారు. ఆ ఏడాది నవంబరులో భార్య ఆన్‌తో కలిసి ఓడ ఎక్కాడు. 1841 జూన్ 22న చిర్రపుంజి చేరాడు. ఖాసీలు ఆ ఊరిని సోహ్రా అంటారు. అక్కడ జూన్ అంటే వాన ఆగని నెల.

ఆయన వెళ్లేనాటికి ఆ కొండలు గాయంతో ఉన్నాయి. కొండల మీదుగా బాట వేయాలని ఈస్టిండియా కంపెనీ పట్టుబట్టింది. దాన్ని ఎదిరించి 1829లో తిరోత్ సింగ్ నాయకత్వంలో ఖాసీలు తిరగబడ్డారు. నాలుగేళ్లు పోరాడి ఓడిపోయారు. తిరోత్ సింగ్ 1835లో ఢాకాలో బందీగానే కన్నుమూశాడు. ఈ నిజాన్ని దాచకూడదు. కొండ ఎక్కిన మిషనరీ వేసిన మొదటి అడుగు సైనికులు నడిచిన బాట మీదే పడింది. తెల్లని ముఖం చూడగానే అక్కడివారికి ముందు గుర్తొచ్చేది తుపాకీ. అలాంటి చోట నమ్మకం సంపాదించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

జోన్స్‌కు ముందు సువార్త అక్కడికి చేరలేదని కాదు. సేరంపూర్‌లో విలియం కేరీ బృందం ఖాసీ భాషలో కొత్త నిబంధన అచ్చువేసింది. అలెగ్జాండర్ లిష్ 1830లలో చిర్రపుంజి పరిసరాల్లో బడులు నడిపాడు. అయితే ఆ పుస్తకాలు బెంగాలీ లిపిలో ఉండేవి. మైదానంవారి ఆ అక్షరాలు చాలామంది ఖాసీలకు పరాయివే. 1838లో సేరంపూర్ వారి పని అక్కడ ఆగిపోయింది. బడులు మూతపడ్డాయి.

జోన్స్ ముందు బోధకుడిగా కాక విద్యార్థిగా కూర్చున్నాడు. లిష్ బడిలో కొంచెం ఇంగ్లిష్ నేర్చుకున్న దువాన్ రాయ్, జుంగ్‌ఖా అనే ఖాసీ యువకులు ఆయనకు గురువులయ్యారు. వారి నోట ఒక్కో మాట విని, పలికి, తప్పు దిద్దించుకుని, తిరిగి పలికాడు. ఆ తర్వాతే ఒక నిర్ణయానికి వచ్చాడు. బెంగాలీ లిపిని పక్కన పెట్టి రోమన్ లిపిలో ఖాసీ రాయడం మొదలుపెట్టాడు. అందులోనూ ఇంగ్లిష్ పద్ధతి పట్టుకోలేదు. తన మాతృభాష వెల్ష్ పద్ధతిలో, పలికినట్టే రాసే తీరును తీసుకున్నాడు. నేటికీ ఖాసీ వర్ణమాలలో ‘జీ’ తర్వాత ‘ఎన్‌జీ’ అనే జంటాక్షరం వస్తుంది. అది వెల్ష్ వర్ణమాల వరుసే. ‘బీ’ తర్వాత ‘సీ’ ఉండాల్సిన చోట ‘కే’ ఉంటుంది. ఆ వరుస చూస్తే ఆ వడ్రంగి చేతి గుర్తు కనిపిస్తుంది.

1842లో సోహ్రా, మౌస్మాయ్, మౌమ్లూ గ్రామాల్లో మూడు బడులు తెరిచాడు. అదే ఏడాది మొదటి ఖాసీ వాచకం వెలుగు చూసింది. అప్పటిదాకా పిల్లవాడు చదువు అంటే ముందు పరాయి భాష నేర్చుకోవాలి, తర్వాత పరాయి అక్షరం నేర్చుకోవాలి. ఇంత కష్టం దాటితే తప్ప పుస్తకంలో ఏముందో తెలిసేది కాదు. ఈ బడుల్లో పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కోగానే వినిపించింది అమ్మ మాటే. కథలో మింగేసిన అక్షరాలు తిరిగి దొరికినట్టయింది.

జోన్స్ పలక దగ్గరే ఆగలేదు. రంపం పట్టి దుంగలు కోయడం, వడ్రంగం చేయడం ఖాసీలకు నేర్పాడు. ఆయన పాఠాలు చెప్పే చేతులు, చెక్క చిత్రిక పట్టే చేతులు ఒకటే. నజరేతు వడ్రంగి శిష్యుడికి అది వింతేమీ కాదు.

1843లో విలియం లూయిస్, ఆయన భార్య మేరీ తోడుగా వచ్చారు. మేరీ లూయిస్ ఆడపిల్లల చదువు మీద శ్రద్ధ పెట్టింది. ఖాసీలది తల్లి వంశాన్ని అనుసరించే సమాజం. ఇంటి ఆస్తి, ఇంటి ఆచారాల బాధ్యత కడగొట్టు కూతురివి. అలాంటి ఇంటి ఆడపిల్ల బడికి వెళ్లి కొత్త విశ్వాసంలోకి వెళితే పూర్వీకుల ఆచారాలు ఎవరు జరుపుతారని తల్లులు కలవరపడ్డారు. ఆ కలవరాన్ని మూఢత్వమని మనం కొట్టిపారేయకూడదు. ఆ ప్రశ్న తర్వాత కూడా ఆరిపోలేదు. తమ పాత ధర్మాన్ని, సంస్కృతిని కాపాడుకోవడానికి ఖాసీ యువకులు 1899లో సెంగ్ ఖాసీ సంస్థను స్థాపించుకున్నారు.

కోత వెంటనే రాలేదు. మొదటి ఇద్దరు ఖాసీలు, అమోర్, రుజోన్, 1846 మార్చి 8న బాప్తిస్మం పొందారు. జోన్స్ కొండ ఎక్కి అప్పటికి నాలుగున్నరేళ్లు దాటింది. ఈలోగా మత్తయి సువార్తను ఖాసీలోకి తెచ్చాడు. ఈలోగానే 1845 ఆగస్టులో భార్య ఆన్ కాన్పు తర్వాత చనిపోయింది.

ఇక్కడి నుంచి జోన్స్ జీవితం మనకు ఇబ్బంది కలిగించే దారిలో నడుస్తుంది. మిషనరీల చరిత్ర చెప్పేటప్పుడు చాలామంది ఈ భాగాన్ని తొందరగా దాటేస్తారు. మేము దాటదలచుకోలేదు. జోన్స్ తనకంటే వయసులో చాలా చిన్నదైన ఎమ్మా కాటెల్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. అది నలుగురికీ నచ్చలేదు. వ్యవసాయం, వ్యాపారం లాంటి లౌకిక వ్యవహారాల్లో మునిగిపోయాడన్న ఆరోపణ కూడా వచ్చింది. 1847లో మిషన్‌తో ఆయన బంధం తెగిపోయింది. ఏ సంఘం ఆయన్ను తన మొదటి మిషనరీగా సాగనంపిందో ఆ సంఘమే ఆయన్ను దూరం పెట్టింది. అందులో ఆయన తప్పులు ఉన్నాయి. ఆయన తొందరపాటు ఉంది. ఆయన్ను పరిశుద్ధుడి పటంలో బిగించాల్సిన పని మనకు లేదు.

అయితే మిషన్ వదిలినా కొండలు వదల్లేదు. జయంతియా కొండల్లోని పోమ్రెంగ్‌లో స్థిరపడ్డాడు. ఆ రోజుల్లో కొండల కింద సున్నపురాయి, కమలాపండ్ల వ్యాపారమంతా ఇంగ్లిస్ కుటుంబం గుప్పిట్లో ఉండేది. హ్యారీ ఇంగ్లిస్ చిర్రపుంజిలో కంపెనీ అధికారిగా ఉన్న కర్నల్ లిస్టర్‌కు అల్లుడు. వ్యాపారం అల్లుడిది, అధికారం మామది. ఇక ఖాసీ రైతు ఎవరికి మొర పెట్టుకోవాలి? జోన్స్ కలం పట్టాడు. ఖాసీలకు జరుగుతున్న అన్యాయాన్ని వివరిస్తూ ప్రభుత్వానికి ఫిర్యాదులు రాశాడు. అక్షరాలు నేర్పినవాడు అక్షరం దేనికో కూడా చూపించాడు.

దానికి మూల్యం చెల్లించాడు. ఇంగ్లిస్ పగబట్టాడు. జోన్స్ కొండలు విడిచి పారిపోవలసి వచ్చింది. కింది అడవుల్లో మలేరియా సోకింది. 1849 సెప్టెంబర్ 16న కలకత్తాలో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లు. స్కాటిష్ శ్మశానంలో సమాధి చేశారు. చేతిలో మిషన్ లేదు, బడి లేదు, సంఘం లేదు. ఆనాడు లెక్క చూసినవారెవరైనా ఇది ఓడిపోయిన జీవితమనే అనుకుని ఉంటారు.

దేవుని లెక్క వేరుగా ఉంది. ఆయన వేసిన అక్షరాల మీద ఇతరులు కట్టారు. 1891 నాటికి ఖాసీలో పూర్తి బైబిలు వచ్చింది. జాన్ రాబర్ట్స్ దాన్ని పూర్తి చేయడంలో ముందున్నాడు. విశేషమేమంటే ఆ లిపి సంఘానికే పరిమితం కాలేదు. పాత ధర్మాన్ని కాపాడుకోవాలనుకున్న సెంగ్ ఖాసీ వారు కూడా తమ మాటను ఆ అక్షరాల్లోనే రాసుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఖాసీ మాట్లాడేవారు 14 లక్షలకు పైనే. 2005లో మేఘాలయ ఖాసీని సహ అధికార భాషగా గుర్తించింది. 2018లో అక్కడి ప్రభుత్వం జూన్ 22ను థామస్ జోన్స్ దినంగా ప్రకటించింది. సొంతవారు వెలివేసిన మనిషి కొండ ఎక్కిన రోజు అలా కొండలవారి పండుగైంది.

ఈ కథ తెలుగువారికి దూరపు కథ కాదు. మన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి కొండల సవరల భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో వారి పిల్లలకు బడులు నడిపారు. సవరకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన క్రైస్తవుడు కాదు. కానీ జోన్స్ చేసిన పనే చేశారు. భాషా శాస్త్రవేత్తలు ఖాసీ, సవర భాషలను ఒకే ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలో చేర్చారు. ఎంత దూరాన ఉన్న అక్కచెల్లెళ్లో చూడండి! పిల్లవాడికి వాడి అమ్మ మాటలోనే మొదటి పాఠం చెప్పాలన్న సత్యం ఎవరి నోట వచ్చినా సత్యమే.

పెంతెకొస్తు దినాన ఆత్మ దిగివచ్చినప్పుడు జనమంతా ఒకే భాష నేర్చుకోవలసిన అవసరం రాలేదు. ఎవరి సొంత భాషలో వారికి దేవుని గొప్ప కార్యాలు వినిపించాయి (అపొ. కా. 2). దేవుడే మనిషి భాష దగ్గరకు దిగివచ్చాడు. మరి మన సంఘాల మాటేమిటి? ఏజెన్సీ గ్రామాలకు సువార్త బృందాలను పంపుతున్నాం. అక్కడ పాటలు తెలుగులో పాడిస్తాం, వాక్యం తెలుగులో చెబుతాం, ఎంతమంది చేతులెత్తారో రాసుకుని జీపెక్కి తిరిగొస్తాం. కోయ మాటలో ఒక తల్లిని పలకరించగలిగినవారు మనలో ఎందరు? ఆమె కొడుకు బడిలో భాష అర్థం కాక వెనుక బెంచీలో మూగగా కూర్చుంటే అది మన ప్రార్థనా విషయాల్లో ఎప్పుడైనా చేరిందా?

ఇంకొక ప్రశ్న దీనికంటే కఠినమైనది. తప్పటడుగు వేసిన సేవకుణ్ణి మనం ఏం చేస్తున్నాం? క్రమశిక్షణ సంఘానికి అవసరమే. దానిని వద్దనం. కానీ మార్కును వద్దని పౌలు నిరాకరించినప్పుడు బర్నబా వెంట తీసుకుపోయాడు (అపొ. కా. 15). తర్వాతి కాలంలో అదే పౌలు మార్కును రమ్మని అడిగాడు (2 తిమోతి 4). జోన్స్‌కు ఒక బర్నబా దొరికి ఉంటే ఆ కలకత్తా మరణం ఒంటరిదయ్యేది కాదేమో. మన సంఘంలో తొలగించినవారి పేర్లు రాసే పుస్తకం ఉంది. వారి గడప తొక్కి పలకరించే బర్నబా ఉన్నాడా?

నెబో కొండ మీద నుంచి వాగ్దాన దేశాన్ని చూసిన మోషేకు ఆ చూపు అయినా దక్కింది. జోన్స్‌కు అదీ దక్కలేదు. అయినా సోహ్రాలో ఈ రోజు ఒక పిల్లవాడు వాన చప్పుడు మధ్య పుస్తకం తెరిచి అమ్మ భాషలో మొదటి మాట చదువుతుంటే, ఆ వడ్రంగి ప్రయాస వ్యర్థం కాలేదని మనకు తెలుస్తుంది. ప్రభువునందు పడిన ప్రయాస ఏదీ వ్యర్థం కాదు. అక్షరం లేనివారికి అక్షరంగా, మాట లేనివారికి మాటగా నిలిచే కృప దేవుడు మనకూ దయచేయును గాక.